టీమక్స్ పెట్టుకున్నా పని ఎందుకు ఆగిపోయింది: సెషన్లను ఏ ఒడ్డున కట్టాలి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, పొరబడితే సరిదిద్దండి. అంబాజీపేట దగ్గర ఇంటి నుంచి హైదరాబాద్‌లోని సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరపు యంత్రంలోకి లాగిన్ అయ్యే ప్రోగ్రాము) వెళ్లి, నాలుగు గంటలు పట్టే డేటాబేసు రీస్టోరు (బ్యాకప్ నుంచి తిరిగి నింపడం) మొదలుపెట్టారు. మూడో గంటలో కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకునేలోపు రౌటరు ఆగి మళ్లీ లేచింది, రీస్టోరు సగంలో పోయింది. ఇలాంటి దానికి టీమక్స్ (కనెక్షన్ తెగినా టెర్మినల్‌లోని పనిని నడుపుతూ ఉంచే ప్రోగ్రాము) వాడాలని ఎవరో చెబితే అప్పటికే వాడుతున్నారు. అయినా ఎందుకు పోయిందన్నది మొదటి ప్రశ్న. పన్నెండు టెర్మినళ్లు (కమాండ్లు కొట్టే కిటికీలు) తెరిచి ఉంటే ఏది ఏ యంత్రంలోదో తెలియడం లేదు, దారి చెప్పమన్నది రెండోది.

మొదటిదానికి జవాబు మీరు రాసిన వరుసలోనే ఉంది. ల్యాప్‌టాప్‌లో టీమక్స్ తెరిచి, దానిలోంచి ఎస్‌ఎస్‌హెచ్ చేశానన్నారు. అది తిరగేసి కట్టిన తాడు అండి. నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళ్లే కొబ్బరి వ్యాపారిని తలచుకోండి. వలుపు మనుషులను అవతలి ఒడ్డున కూర్చోబెట్టి వస్తే, పంటు ఆగినా వలుపు సాగుతుంది. కాయలన్నీ పంటు మీదే పరిచి అక్కడే వలవమంటే పంటుతో పాటే పనీ ఆగుతుంది. మీ రీస్టోరు పంటు మీద జరిగింది. టీమక్స్ కాపాడింది ల్యాప్‌టాప్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ కమాండునే కానీ, హైదరాబాద్‌లోని పనిని కాదు.

తీగ తెగితే సర్వర్‌లోని పని ఎందుకు చావాలన్న అనుమానం రావాలి మరి. మీరు లాగిన్ అయినప్పుడు సర్వర్ మీకొక ఉత్తుత్తి టెర్మినల్ ఇస్తుంది. మీ షెల్లు (మీ కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రాము), అది నడిపే రీస్టోరు, అన్నీ దానికి కట్టి ఉంటాయి. కనెక్షన్ పోయిందని అవతలి ఎస్‌ఎస్‌హెచ్ సేవ గ్రహించగానే ఆ టెర్మినల్‌ను మూసేస్తుంది. అప్పుడు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) మీ షెల్లుకు సిగ్‌హప్ అనే సంకేతం పంపుతుంది, షెల్లు దాన్ని తన కింద నడుస్తున్న పనులకూ అందిస్తుంది. హప్ అంటే హ్యాంగప్. టెలిఫోను మోడెమ్‌లతో లాగిన్ అయ్యే రోజుల్లో అవతలివారు ఫోను పెట్టేశారు అని చెప్పడానికి పుట్టిన సంకేతం అది. దాన్ని ప్రత్యేకంగా పట్టించుకోవద్దని చెప్పని ప్రోగ్రాము ఏదైనా అక్కడితో ముగిసిపోతుంది.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. కనెక్షన్ తెగిన క్షణంలోనే పని చావదు. మీ వైపు రౌటరు ఆగిన సంగతి సర్వర్‌కు ఎవరూ చెప్పరు. అది కాసేపు అటు ప్యాకెట్లు పంపుతూ, జవాబు రాక, చివరికి విసిగి మూసేస్తుంది. అందుకే ఒక్కోసారి కరెంటు పోయి వచ్చినా తెర మళ్లీ కదలడం చూసే ఉంటారు. మీ ఇంటర్నెట్ బయటి చిరునామా మారకుండా, ఈలోపు ఎవరూ విసుగు చెందకుండా ఉంటే పాత సంభాషణే కొనసాగుతుంది. రౌటరు కొత్త చిరునామాతో లేచినా, మీరు ఫోను హాట్‌స్పాట్‌కు మారినా ఇక ఆశ లేదు. ఈ అదృష్టం మీద ఆధారపడి నాలుగు గంటల పని పెట్టకూడదు.

ఇప్పుడు చేయవలసింది. కమాండ్లను పలికే తీరులో రాస్తున్నాను, కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. ముందు మామూలుగా ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోకి వెళ్లండి. అక్కడ 'టీమక్స్ న్యూ -ఎస్ రీస్టోరు' అనండి, ఆ పేరుతో ఒక సెషన్ (టీమక్స్ పట్టుకుని ఉంచే పనిచోటు) తెరుచుకుంటుంది. అడుగున ఆకుపచ్చ పట్టీ కనిపిస్తుంది. ఆ తెరలోనే రీస్టోరు మొదలుపెట్టండి. బయటికి రావాలంటే కంట్రోల్, బి కలిపి నొక్కి వదిలి, తర్వాత డి నొక్కండి. డిటాచ్డ్ అని చూపించి మిమ్మల్ని మామూలు షెల్లులో వదిలేస్తుంది, పని లోపల నడుస్తూనే ఉంటుంది. తిరిగి వెళ్లడానికి 'టీమక్స్ అటాచ్ -టి రీస్టోరు'. ఏమేమి నడుస్తున్నాయో చూడడానికి 'టీమక్స్ ఎల్‌ఎస్'. ఈ మూడూ వస్తే మీ మొదటి సమస్య తీరినట్టే, మిగతావి తీరిక ఉన్నప్పుడు నేర్చుకోవచ్చు.

లోపల జరిగేది ఇది. నడిచేటప్పుడు టీమక్స్ నిజానికి రెండు భాగాలు. ఒకటి సర్వర్ యంత్రంలో వెనక కూర్చుని మీ షెల్లులకు ఉత్తుత్తి టెర్మినళ్లను తానే ఇస్తుంది. రెండోది మీ కళ్లకు చూపించే అద్దం మాత్రమే. కరెంటు పోతే అద్దం పగులుతుంది. వెనక కూర్చున్నది ఆ సిగ్‌హప్ గొడవకు దూరంగా ఉంటుంది కనుక రీస్టోరుకు మీరు వెళ్లినట్టు కూడా తెలియదు.

నేను రోజూ వాడేది మాత్రం ఇంకాస్త పొట్టి దారి. ల్యాప్‌టాప్ నుంచే 'ఎస్‌ఎస్‌హెచ్ -టి', సర్వర్ పేరు, ఆ వెంటనే 'టీమక్స్ న్యూ -ఏ -ఎస్ రీస్టోరు'. ఇక్కడ 'ఏ' అన్నది పెద్ద అక్షరం. ఆ పేరుతో సెషన్ ఉంటే అందులోకి తీసుకెళ్తుంది, లేకపోతే కొత్తది చేస్తుంది. ముందున్న -టి లేకపోతే టెర్మినల్ లేదని మొరాయిస్తుంది, మరచిపోకండి. దీన్ని ఒక చిన్న అలియాస్‌గా, అంటే పొట్టి పేరుగా, పెట్టుకున్నాను. కరెంటు వచ్చాక పైబాణం మీట ఒకసారి, ఎంటర్ ఒకసారి. వదిలిన వాక్యం మధ్యలోకే వెళ్లి పడతాను.

నోహప్ చాలదా అని అడిగేవాళ్లు ఉంటారు. చాలుతుంది, పని మీతో మాట్లాడనవసరం లేనప్పుడు. కమాండు ముందు నోహప్ అని పెట్టి, చివర ఆంపర్‌సాండ్ గుర్తు పెడితే సిగ్‌హప్‌ను లెక్కచేయదు, అవుట్‌పుట్‌ను ఫైల్లో రాసుకుంటుంది. అయితే మధ్యలో 'అవునా, కాదా' అని ప్రశ్న వేసిందంటే జవాబు చెప్పడానికి తిరిగి లోపలికి వెళ్లే దారి లేదు. రీస్టోరుల్లో, అప్‌గ్రేడుల్లో ఆ ప్రశ్న రానే వస్తుంది.

స్క్రీన్ అనే పాత ప్రోగ్రాము సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కొన్ని సర్వర్లలో అదే ఉంటుంది. అది 1987 నాటిది. టీమక్స్ 2007లో వచ్చింది, 2009లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 4.6 వెర్షన్‌తో పాటే అందడం మొదలైంది. స్క్రీన్‌లో కంట్రోల్-ఏ, డి నొక్కితే బయటికి వస్తారు, 'స్క్రీన్ -ఆర్' అంటే లోపలికి వెళ్తారు. రెడ్‌హ్యాట్ లినక్స్ ఎనిమిదో వెర్షన్ నుంచి స్క్రీన్‌ను తన పెట్టెలోంచి తీసేసింది కాబట్టి, కొత్తగా నేర్చుకునేవారికి టీమక్సే చెబుతాను. నా దగ్గర స్క్రీన్ ఇంకా బతికి ఉండడానికి కారణం వేరు. భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర నీటిలో ఆక్సిజన్ కొలిచే చిన్న బోర్డులకు యూఎస్‌బీ తీగ తగిలించి మాట్లాడాలంటే, 'స్క్రీన్' అని ఆ పోర్టు పేరు, వేగం 115200 అని ఇస్తే చాలు. టీమక్స్ సొంతంగా ఆ పని చేయదు.

ఇక రెండో సమస్య. పన్నెండు టెర్మినళ్ల గందరగోళం సాఫ్ట్‌వేర్ లోపం కాదు, పేర్లు పెట్టకపోవడం. ఒక్కో పనికి ఒక్కో సెషన్, దానికి పని పేరు. యంత్రం పేరు పెట్టకండి, ఎలాగూ ఆ యంత్రంలోనే ఉంటారు. ఒక సెషన్‌లో ఆ పనికి కావలసిన విండోలు: ఒకదానిలో లాగ్, ఒకదానిలో డేటాబేసు, ఒకదానిలో ఎడిటర్. కంట్రోల్-బి తర్వాత సి కొడితే కొత్త విండో, అంకె కొడితే ఆ నంబరు విండో, కామా కొడితే పేరు మార్చడం, డాలరు గుర్తు కొడితే సెషన్ పేరు మార్చడం. దారి తప్పినప్పుడు కంట్రోల్-బి తర్వాత డబ్ల్యూ కొట్టండి. సెషన్లూ విండోలూ చెట్టులా కనిపిస్తాయి, బాణాలతో ఎంచుకోవచ్చు.

తెరను ముక్కలు చేసే పేన్లు కూడా ఉన్నాయి. కంట్రోల్-బి తర్వాత శాతం గుర్తు కొడితే పక్కపక్కన, రెట్టింపు కొటేషన్ గుర్తు కొడితే ఒకదాని కింద ఒకటి. కొత్తలో అందరూ వీటి మోజులో పడి తెరను ఆరు ముక్కలు చేస్తారు, ఏ ముక్కలోనూ ఒక పూర్తి వరుస కనిపించదు. రెండు విషయాలను ఒకేసారి కంటితో చూడాల్సిన అవసరం ఉంటేనే పేను, లేదంటే విండో. పెద్దది చేసి చూడాలంటే జెడ్, మళ్లీ జెడ్ కొడితే యథాస్థితి. అన్ని పేన్లలో ఒకేసారి టైపు అయ్యే 'సింక్రనైజ్-పేన్స్' అనే సౌకర్యాన్ని నేను వాడను. ఆపడం మరచిపోయినప్పుడు అది చేసే నష్టం, మిగిల్చే శ్రమ కంటే పెద్దది.

ఏది ఏ యంత్రమన్న దానికి నా సలహా రంగు. ఇది అనుభవంతో వచ్చిన భయం. కొన్నేళ్ల క్రితం ఒక సంస్థకు సర్వర్లు చూస్తున్నప్పుడు రెండు ఒకేలాంటి నల్ల కిటికీలు పక్కపక్కన పెట్టుకున్నాను, ఒకటి టెస్టుది, ఒకటి లైవ్‌ది. టెస్టులో డేటాబేసును రీస్టార్టు చేయాలి. కమాండు కొట్టాను, ఎంటర్ నొక్కాను, రెండు క్షణాల తర్వాత ఫోను మోగింది. బిల్లింగు కౌంటర్లన్నీ ఆగాయట. తప్పు పూర్తిగా నాదే. ఆ రాత్రే లైవ్ యంత్రంలోని టీమక్స్ సెట్టింగుల ఫైల్లో 'సెట్ -జి స్టేటస్-స్టైల్ బీజీ=రెడ్' అని రాశాను. హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే 'టీమక్స్ డాట్ కాన్ఫ్' అన్నదే ఆ ఫైలు. అప్పటి నుంచి లైవ్‌లో ఉంటే అడుగు పట్టీ ఎర్రగా ఉంటుంది, టెస్టులో ఆకుపచ్చ. ఎర్ర పట్టీ కనిపిస్తే నా చేయి ఎంటర్ మీద ఆగి ఒకసారి యంత్రం పేరు చదువుతుంది.

అదే ఫైల్లో ఇంకో రెండు వరుసలు పెట్టుకోండి. వెనక్కి చూసుకునే చరిత్ర మొదట 2000 వరుసలే ఉంటుంది, రీస్టోరు లాంటివాటికి అది ఏ మూలకూ చాలదు. 'హిస్టరీ-లిమిట్'ను 50000 చేయండి. ఆ తర్వాత తెరిచే విండోలకే అది వర్తిస్తుంది, పాతవాటికి కాదు. 'సెట్ -జి మౌస్ ఆన్' అంటే చక్రంతో పైకి జరుపుకోవచ్చు. అప్పుడు మౌసుతో అక్షరాలు ఎంచుకుని కాపీ చేయడం మారిపోతుంది. చాలా టెర్మినళ్లలో షిఫ్టు పట్టుకుని ఎంచుకుంటే పాత పద్ధతే పనిచేస్తుంది. అయినా ముఖ్యమైన పని అవుట్‌పుట్‌ను తెరకు మాత్రమే వదిలేయకండి, 'టీ' కమాండుతో ఒక ఫైల్లోకి కూడా పంపండి. తెర చరిత్ర లాగ్ ఫైలుకు బదులు కాదు.

మీ వైపు ల్యాప్‌టాప్‌లో ఏం పెట్టాలి? నా మటుకు ఏమీ వద్దు. టెర్మినల్ ప్రోగ్రాములోని ట్యాబులు చాలు, ఒక్కో ట్యాబు ఒక్కో సర్వర్ సెషన్‌కు. ఇక్కడో టీమక్స్, అక్కడో టీమక్స్ పెట్టుకుంటే పెట్టెలో పెట్టె అవుతుంది. మీరు కొట్టే కంట్రోల్-బి బయటిది మింగేస్తుంది. లోపలిదానికి అందాలంటే కంట్రోల్-బి రెండుసార్లు కొట్టాలి. ల్యాప్‌టాప్‌లోదాన్ని కంట్రోల్-ఏకు మార్చుకునేవాళ్లు ఉన్నారు కానీ, షెల్లులో వరుస మొదటికి వెళ్లడానికి రోజుకు వందసార్లు నొక్కే మీట అది. నా వేళ్లకు నచ్చలేదు.

ఎస్‌ఎస్‌హెచ్ వైపు కొన్ని సెట్టింగులు మీ ఊళ్లో ఉండే కనెక్షన్లకు తప్పనిసరి. కాసేపు ఏమీ టైపు చేయకపోతే తెర బిగుసుకుపోవడం మీరు రాశారు. మధ్యలోని రౌటర్లు కదలిక లేని కనెక్షన్లను మరచిపోవడం వల్ల జరిగేది అది. మీ ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్లో 'సర్వర్‌అలైవ్‌ఇంటర్వల్ 60' అని పెడితే నిమిషానికోసారి చిన్న పలకరింపు వెళ్తుంది. మూడుసార్లు పలకరించినా జవాబు రాకపోతే కనెక్షన్‌ను తనే మూసుకుంటుంది. ఈ 60ని 5 చేస్తే ఇంకా మంచిదని అనుకోకండి. అప్పుడు పదిహేను సెకన్ల అంతరాయానికే తెగిపోతుంది. మీరు కోరుకునేది దానికి వ్యతిరేకం.

బిగుసుకున్న తెరను చాలామంది విండో మూసి వదిలించుకుంటారు. అక్కర్లేదు. ఎంటర్ నొక్కి, టిల్డా గుర్తు కొట్టి, వెంటనే చుక్క కొట్టండి. ఆ టిల్డా, చుక్క అవతలికి వెళ్లవు, మీ ల్యాప్‌టాప్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ వాటిని పట్టుకుని కనెక్షన్ తెంచేస్తుంది. నాకు ఇది తెలియడానికి ఉద్యోగంలో చేరాక ఆరేళ్లు పట్టింది, చెప్పుకోవడానికి సిగ్గే. ఇంకో మాట, తెర బిగుసుకున్నదంతా కనెక్షన్ తప్పు కాదు. పొరపాటున కంట్రోల్-ఎస్ నొక్కితే టెర్మినల్ అవుట్‌పుట్‌ను ఆపేస్తుంది. కంట్రోల్-క్యూ కొట్టి చూసి, అప్పుడు బ్రాడ్‌బ్యాండు వాళ్లను తిట్టండి.

తిరిగి వెళ్లాక సెషన్ తెరలో ఒక మూలకు కుదించుకుని, మిగతా చోటంతా చుక్కలు కనిపించవచ్చు. నాకు ఇది ఫోను వల్ల జరుగుతుంది. బస్సులో ఉండగా ఫోన్లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్‌తో ఒకసారి తొంగిచూసి, డిటాచ్ చేయకుండా జేబులో పెట్టేస్తాను. ఇంటికి వచ్చి ల్యాప్‌టాప్ తెరిస్తే, టీమక్స్ ఆ ఫోను కొలతనే పట్టుకుని ఉంటుంది, ముఖ్యంగా సర్వర్‌లో పాత వెర్షన్ ఉంటే. చచ్చిపోయిన పాత కనెక్షన్ ఇంకా అంటిపెట్టుకుని ఉన్నప్పుడూ ఇదే. 'టీమక్స్ అటాచ్ -డి -టి రీస్టోరు' అంటే మిగిలినవారిని బయటికి పంపి మీకొక్కరికే తెర ఇస్తుంది.

తరచూ ప్రయాణంలో ఉంటే మోష్ అనే ప్రోగ్రాము చూడండి, ఎస్‌ఎస్‌హెచ్ బదులు వాడేది. 2012లో ఎంఐటీ నుంచి వచ్చింది. మొదటి లాగిన్ మాత్రం ఎస్‌ఎస్‌హెచ్‌తో చేసి, తర్వాత యూడీపీ (కనెక్షన్ కట్టకుండానే ప్యాకెట్లు పంపే పద్ధతి) మీద మాట్లాడుతుంది కనుక చిరునామా మారినా పట్టించుకోదు. రావులపాలెం వంతెన మీద సిగ్నలు పోయి జొన్నాడ దాటాక వచ్చినా వదిలిన చోటే ఉంటారు. సర్వర్‌లో కూడా మోష్ ఉండాలి, 60000 నుంచి 61000 వరకు ఉన్న యూడీపీ పోర్టులు తెరిచి ఉండాలి. ఆఫీసు సర్వర్లలో ఈ రెండో షరతు దగ్గరే సాధారణంగా ఆగిపోతుంది. పైగా మోష్‌లో వెనక్కి జరుపుకుని చదవడం ఉండదు, కనుక దాని లోపల టీమక్స్ ఎలాగూ కావాలి.

టీమక్స్ కాపాడనివి కూడా తెలుసుకోవాలి. సర్వరే రీబూట్ అయితే సెషన్లన్నీ పోతాయి. విండోల అమరికను గుర్తుపెట్టుకునే ప్లగిన్లు ఉన్నాయి కానీ, నడుస్తున్న పనిని అవి బతికించలేవు. లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీ 230వ వెర్షన్ నుంచి, అంటే 2016 నుంచి, లాగౌట్ అయిన మనిషి వదిలిన ప్రక్రియలన్నిటినీ చంపేయడం డిఫాల్టు అయింది. చాలా డిస్ట్రిబ్యూషన్లు దాన్ని తిరిగి ఆపేశాయి. మీ సర్వర్‌లో టీమక్స్ సెషన్ కూడా లాగౌట్‌తో మాయమవుతుంటే, లాగిన్‌డీ (సిస్టమ్‌డీలో లాగిన్లు చూసే భాగం) కాన్ఫిగ్‌లో 'కిల్‌యూజర్‌ప్రాసెసెస్' ఏమని ఉందో సర్వర్ చూసేవారిని అడగండి. రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న ఖాతాతో, లాగిన్ అయిన విండోలను రోజుల తరబడి లోపల వదిలేయడం కూడా మంచిది కాదు. మీ ఖాతాలోకి వచ్చిన ఎవరికైనా ఆ తలుపు తెరిచే ఉంటుంది.

టీమక్స్ లేకుండానే పెద్ద పని మొదలుపెట్టి, ఈదురుగాలి మొదలయ్యాక గుర్తొస్తే? కంట్రోల్-జెడ్ కొట్టి ఆపి, 'బీజీ' అని వెనక్కి పంపి, 'డిస్‌ఓన్' అనండి. షెల్లు ఇక దానికి సిగ్‌హప్ అందించదు. తర్వాత టీమక్స్‌లోంచి 'రెప్టీఆర్' అనే ప్రోగ్రాముతో ఆ ప్రక్రియను కొత్త టెర్మినల్‌కు లాక్కోవచ్చు. ఉబుంటులో దీనికి రూట్ అనుమతి కావాలి, పిల్ల ప్రక్రియలున్న పనులతో పేచీ పెడుతుంది. మునిగే పడవలోంచి దూకేటప్పుడు ఉపయోగపడే దారి, రోజువారీ దారి కాదు.

రౌటరుకు ఒక చిన్న పన్నెండు వోల్టుల యూపీఎస్ కొనండి. ఇన్వర్టరు ఉన్నా, అది మారే ఆ క్షణంలోనే రౌటరు రీబూట్ అవుతుందని మీరే రాశారు కదా.

రీస్టోరు మళ్లీ మొదలుపెట్టే ముందు ఇవాళ రాత్రి ఒక పరీక్ష చేయండి. సర్వర్‌లో టీమక్స్ తెరిచి, సెకనుకోసారి టైము చూపించే చిన్న లూపు నడపండి. నడుస్తుండగానే రౌటరు ప్లగ్గు పీకి, టీ తాగి, తిరిగి పెట్టండి. మళ్లీ అటాచ్ అయి పైకి జరిపి చూస్తే మీరు టీ తాగిన నిమిషాలు కూడా వరుసగా ఉండాలి. ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే ఆ వరుసలు ఇక్కడ పెట్టండి, చూద్దాం. లేకపోతే సగంలో ఆగిన పాత డేటాబేసును పూర్తిగా తీసేసి, మొదటి నుంచి మొదలుపెట్టండి. దాని మీదే రెండోసారి పోస్తే ఉన్న పట్టికలే మళ్లీ ఎదురై తప్పుల మీద తప్పులు చూపిస్తుంది.